బల్ల ఆరేదాకా

పోలీసు స్టేషన్లో బల్లకి రంగు వేయించాలన్న ఆలోచన ఇన్‌స్పెక్టరుగారిది. ఆ తర్వాత జరిగినదానికి, అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటరమ్మని ఎవరైనా తప్పుపడదామనుకుంటే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. శుక్రవారం పైఅధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు రాగానే ఇన్‌స్పెక్టరుగారు సోమవారం పొద్దున్నే వరండాలో నిలబడి నాలుగు వైపులా చూశారు. ఏళ్ల తరబడి జనం కూర్చుని కూర్చుని నున్నగా అరిగిపోయిన పొడుగాటి చెక్కబల్ల దగ్గర ఆయన చూపు ఆగింది. "ఇది చూస్తే మన పరువు పోతుందయ్యా" అన్నారు. తొమ్మిదిన్నరకల్లా రంగులాయన గరుకు కాగితంతో బల్లని రుద్దడం మొదలుపెట్టాడు, పదిన్నరకి మొదటి పూత పడింది, పదకొండుకి దాని మీద ఒక అట్టముక్క వేలాడింది: తడి రంగు, ముట్టుకోవద్దు.

ఇంకో మాట కూడా అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఈ వారమంతా వరండాలో ఎవరూ నిలబడి ఉండకూడదు, సంతలా కనిపిస్తుంది, వచ్చినవాళ్లని వచ్చినట్టు లోపలికి పంపండి అని. ఆయన ఉద్దేశం శుభ్రం. అంతకు మించి ఆయన బుర్రలో ఏమీ లేదు.

ఆ స్టేషన్లో ఫిర్యాదు తీసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. రెండూ ఎక్కడా రాసిపెట్టి లేవు. గుమ్మం దగ్గర కాపలా ఉండే కానిస్టేబుల్ని అందరూ మీసాలాయన అంటారు. ఆయన వచ్చినవాళ్ల ముఖం చూడడు, కాళ్లు చూస్తాడు. మెరిసే బూట్లయితే "రండి సార్, లోపల కూర్చోండి" అని రైటరమ్మ టేబులుకెదురుగా ఉన్న కుర్చీ చూపిస్తాడు. అరిగిన చెప్పులయితే గడ్డంతో వరండాలో బల్ల చూపిస్తాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ల ఫిర్యాదు పెద్ద పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ ఎర్రసిరాతో నంబరు అచ్చు వేసి ఉంటుంది. కింద రెండు కార్బన్లు పెట్టి రాస్తే మూడో ప్రతి, గులాబీ రంగుది, ఫిర్యాదు ఇచ్చినవాళ్ల చేతికి వస్తుంది. బల్ల మీద కూర్చున్నవాళ్లది తెల్లకాగితం మీద రాసి, టేబులు మీద నిలబెట్టిన ఇనుప చువ్వకి గుచ్చేస్తారు. చువ్వ నిండితే కాగితాలన్నీ వెనకగదిలో గోనెసంచిలోకి పోతాయి. సంచి నిండితే ఏమవుతుందో రైటరమ్మకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

పదకొండేళ్ల కిందట ఈ టేబులు అప్పగిస్తూ పాత రైటరు ఆమెకి చెప్పిన పాఠం ఒక్కటే. "కుర్చీకి పుస్తకం, బల్లకి చువ్వ. ఆలోచించకమ్మా, ఆలోచిస్తే తలనొప్పి." రైటరమ్మ ఆలోచించలేదు. తలనొప్పీ రాలేదు. ఆమెది గుండ్రటి ముత్యాల్లాంటి రాత, తన రాత చూసుకుని తనే మురిసిపోతుంది. పుస్తకంలో రాసినా తెల్లకాగితం మీద రాసినా అదే అందం, ఆ విషయంలో ఆమె ఎవరికీ తేడా చూపించలేదు.

పదకొండుంపావుకి జిప్పులామె వచ్చింది.

పెద్ద గేటున్న మేడ పక్క సందులో తోపుడుబండి మీద కుట్టుమిషను పెట్టుకుని జిప్పులు మార్చడం, చిరుగులు కుట్టడం, పొడుగు పాంట్లు పొట్టి చెయ్యడం ఆమె పని. ఎడమ కాలికి గుడ్డకట్టు. ఆ కాలికి చెప్పు పట్టక, ఒక్క కాలి చెప్పుతోనే వచ్చింది. మీసాలాయన అలవాటుగా కాళ్లు చూశాడు, అలవాటుగా గడ్డం బల్ల వైపు తిప్పాడు.

"అక్కడ కాదు బాబూ," అన్నాడు రంగులాయన కుంచె పైకెత్తి. "పచ్చిగా ఉంది. కూర్చుంటే ఆవిడా లేవదు, నా రంగూ నిలవదు."

"అయితే నిలబడు" అన్నాడు మీసాలాయన.

"నిలబడకూడదన్నారుగా పెద్దసారు" అన్నాడు రంగులాయన.

మీసాలాయన ఆ మాట కాసేపు నమిలాడు. వరండాలో నిలబెట్టకూడదు. బల్ల మీద కూర్చోబెట్టకూడదు. తిరిగి పొమ్మందామంటే ఇన్‌స్పెక్టరుగారు అప్పుడే చెట్ల కుండీల దగ్గర నిలబడి ఇటే చూస్తున్నారు. "లోపలికెళ్లు" అన్నాడు చివరికి.

జిప్పులామె లోపలికొచ్చి, కుర్చీ పక్కన నిలబడింది. అప్పటికి రైటరమ్మ తలవంచుకుని తనిఖీ కోసం పాత పేజీల అంచులు అతికిస్తోంది. ఎదురుగా నీడ పడింది. "కూర్చోండి" అంది తలెత్తకుండా. కుర్చీ కిర్రుమంది. ఆ కిర్రు వినగానే ఎడమచెయ్యి పుస్తకం ముందుకు లాగింది, కుడిచెయ్యి కార్బన్లు సర్దింది. పదకొండేళ్లుగా ఆ చేతులు చేస్తున్న పనే అది.

"చెప్పండి."

జిప్పులామె వెనక్కి తిరిగి చూసింది, తన వెనకాల ఇంకెవరన్నా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"మిమ్మల్నే. పేరు, చిరునామా చెప్పండి."

ఆమె చెప్పింది. రైటరమ్మ రాసింది. ఎప్పుడు జరిగింది, పోయిన బుధవారం పొద్దున పదింటికి. ఎక్కడ, పెద్దగేటు పక్క సందులో, గోడవారగా. ఏం జరిగింది, ఆ మేడ ఆసామి, గేటాయన, కారు వెనక్కి తీస్తూ చూసుకోకుండా బండిని గుద్దాడు, బండి ఒరిగింది, మిషను జారి కాలి మీద పడింది.

"ఏ కాలు?"

"ఎడమదండి. మొన్న కూడా చెప్పాను."

ఆ 'మొన్న' దగ్గర రైటరమ్మ తలెత్తింది. ఎదురుగా ఉన్న ముఖం తెలిసినదే. చువ్వకి గుచ్చిన కాగితాల్లో పైనుంచి లెక్కపెడితే కనీసం నాలుగు ఈమెవే. గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి, నిన్న ఆదివారం కూడా వచ్చి కూర్చుంటే ఆమె పోరు పడలేక మీసాలాయన రాయించినది ఒకటి. నాలుగూ ఇదే గుండ్రటి రాత. కింద పుస్తకంలో ఎర్రటి నంబరు నలభై ఏడు, దాని కింద అప్పటికే ఆరు వరసలు.

ఆపేద్దామా అనుకుంది రైటరమ్మ. అనుకోలేదని చెబితే అబద్ధం. కానీ అచ్చు నంబరున్న పేజీ చింపితే ఉద్యోగం పోతుంది. రద్దు చెయ్యాలంటే ఇన్‌స్పెక్టరుగారు కారణం రాసి సంతకం పెట్టి పైఆఫీసుకి పంపాలి. ఆమె కలం గాల్లో ఆగింది. జిప్పులామె ఆ కలాన్నే చూస్తోంది. ఊపిరి తీస్తే అది ఎగిరిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా చూస్తోంది.

"శుక్రవారం సాయంత్రం తుక్కులారీ వస్తుందటండి," అంది మెల్లగా. "నా బండీ మిషనూ రోడ్డుకి అడ్డమని మున్సిపాలిటీవాళ్లు ఆ రోజే పట్టుకుపోయి యార్డులో పడేశారు. గేటాయన ఫోను చేసిన అరగంటకే లారీ వచ్చింది. నేను కాలు పట్టుకుని అక్కడే కూర్చుని ఉన్నాను. దొరికిన బళ్లన్నీ శుక్రవారం విరగ్గొట్టేస్తారట. పోలీసు నంబరుంటే సాక్ష్యం కాబట్టి ముట్టుకోబోమన్నారు."

గేటాయన ఫోను రైటరమ్మకి గుర్తుంది. తీసింది తనే. రోడ్డుకి అడ్డంగా బండి ఉందన్నాడు, ఆయన కుర్చీలోకి రాకుండానే పుస్తకంలోకి వచ్చేశాడు. నంబరు నలభై ఆరు. పక్క పేజీయే.

సిగ్గేసింది ఆమెకి. చెవులు వేడెక్కేంత సిగ్గు.

"ఎడమ కాలు అన్నారు కదూ" అని మళ్లీ వంగి రాయడం మొదలుపెట్టింది. గులాబీ ప్రతి చింపి ఇస్తే జిప్పులామె దాన్ని రెండు చేతులా పట్టుకుని, "నంబరు ఇదేనాండి?" అని ఎర్ర అంకె కింద వేలు పెట్టింది, తగలకుండా. సిరా చెరిగిపోతుందని భయం. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ భుజం మీద కుట్టు విడిపోయింది బాబూ, పట్టీ ఊడుతుంది" అని మీసాలాయనకి చెప్పి వెళ్లింది. మీసాలాయన భుజం తడుముకున్నాడు. నిజమే.

ఆ రోజు సాయంత్రానికి ఇంకా ముగ్గురొచ్చారు. ముగ్గురివీ చెప్పులే. కుర్చీ ఒక్కటే.

*

"బదిలీ చేస్తే చెయ్యనీ," అన్నాడు రైటరమ్మ భర్త, ఉల్లిపాయలు తరుగుతూ. సిటీబస్సు డ్రైవరు. పొద్దున డ్యూటీ వేసినప్పుడల్లా సాయంత్రం వంట ఆయనదే. "ఎంత దూరం వేసినా మా బస్సు వెళ్లని చోట వెయ్యలేరుగా."

"నీకు హాస్యంగానే ఉంటుంది."

"నా బస్సులో అరవై మంది ఎక్కుతారు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చుంటారు. ఎవరి కాళ్లూ చూసే తీరిక నాకుండదు. బస్సు వెళ్తూనే ఉంటుంది."

అత్తగారు మంచం మీద నుంచి, "ఇంతకీ ఆవిడ మిషను వస్తుందా రాదా, అది చెప్పవే ముందు" అంది. ఆవిడకి కథలో మధ్యభాగాలు అక్కర్లేదు.

"శుక్రవారం దాకా తెలీదత్తయ్యా."

"అంటే ఇంకా నాలుగు రోజులు నన్ను ఉగ్గబట్టుకుని ఉండమంటావు" అని గోడవైపు తిరిగి పడుకుంది. రైటరమ్మకి నవ్వొచ్చింది. నవ్వు వచ్చాక ఆకలి కూడా వేసింది.

*

మంగళవారం పదింటికి ఇన్‌స్పెక్టరుగారు పుస్తకం తెప్పించుకున్నారు. పది నిమిషాల తర్వాత రైటరమ్మని పిలిచారు. తలుపు వేయమన్నారు.

"నలభై ఏడు ఏంటిది?"

"కుట్టుబండి ఆవిడ, సార్."

"ఎవరో నాకు తెలుసు. ఇందులోకి ఎలా వచ్చింది?"

"కుర్చీలో కూర్చుంది సార్."

ఇన్‌స్పెక్టరుగారికి ఇంకే వివరణా అక్కర్లేకపోయింది. తల ఊపారు కూడా. "కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారు?"

"బల్లకి రంగు వేయించింది తమరే సార్. వరండాలో నిలబడొద్దన్నదీ తమరే."

ఆయన ముఖం మాడ్చుకున్నారు. చెడ్డమనిషేం కాదు. టేబులు మీద కాగితాలు మూలమట్టంగా ఉండాలి, టోపీ కొక్కేనికి తిన్నగా వేలాడాలి, ఫోను మోగకూడదు. ఈ మూడూ ఉంటే లోకం బాగున్నట్టే. గేటాయన మాత్రం పొద్దున ఆరింటికే ఇంటికి ఫోను చేశాడట.

"రద్దు రాద్దాం" అని తెల్లకాగితం ముందుకు లాక్కున్నారు. "పొరపాటున నమోదైనది. సరేనా?"

"ఏం పొరపాటని అడుగుతారు సార్ పైవాళ్లు."

"దెబ్బ తగల్లేదని..."

"కాలు వాచి ఉంది సార్. తనిఖీకి వచ్చిన సారు పిలిపిస్తే కాలు కూడా వస్తుంది."

"సాక్షులు లేరని."

"విచారించకుండా లేరని ఎలా తెలిసిందంటారు."

ఇన్‌స్పెక్టరుగారు కలం కొరికారు. కొట్టేశారు. కొత్త కాగితం తీశారు. ఈసారి ఆమెని ఏమీ అడక్కుండా, నోటితో చెప్పుకుంటూ మెల్లగా రాశారు. "ఫిర్యాదుదారు... వరండాలోని బల్ల మీద... కూర్చోవలసిన వ్యక్తి అయి ఉండగా... బల్లకి రంగు వేయుచున్న కారణమున... కుర్చీలో కూర్చొనుట చేత... నమోదు అయినది." చుక్క పెట్టారు. రాసింది ఒకసారి చదువుకున్నారు. కాగితం తిప్పి ఆమెకి చూపించారు. ఆమె చదివింది.

అందులో ఒక్క అబద్ధం లేదు. ఇంత ఉన్నదున్నట్టు రాసిన కాగితం ఆ గదిలోంచి ఎప్పుడూ బయటికి వెళ్లి ఉండదు.

ఇన్‌స్పెక్టరుగారి చెంపలు ఎర్రబడ్డాయి, కోపంతో కాదని రైటరమ్మకి తెలిసింది, ఎందుకంటే నిన్న తన చెవులకీ ఇదే పట్టింది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. చెత్తబుట్టలో వేయబోయి, మళ్లీ ఏమనుకున్నారో, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టేశారు.

"కారణం దొరికాక చూద్దాం" అన్నారు. "పుస్తకం తీసుకెళ్లు."

*

బుధవారం జిప్పులామె వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చింది. యార్డువాళ్లు గులాబీ కాగితం చూసి, నంబరు సరే, బండి సాక్ష్యమని మీ ఇన్‌స్పెక్టరు సంతకంతో చీటీ తెమ్మన్నారట. చీటీ టైపయి ఇన్‌స్పెక్టరుగారి టేబులు మీద మూలమట్టంగా ఉంది. సంతకం పడలేదు.

ఆమె కుర్చీలో కూర్చుని, బండి ఏ వైపుకి ఒరిగిందో చేతులతో చూపిస్తుండగా బయట కారు ఆగింది. గేటాయన కారే. వెనక బంపరు మీద బండి రంగు, నీలం, జానెడు గీత అలాగే ఉంది, తుడిపించుకోవాలని కూడా తోచలేదు ఆయనకి. సరిగ్గా ఆ క్షణంలోనే ఇన్‌స్పెక్టరుగారు టోపీ అందుకుని, "రౌండ్సుకి వెళ్లొస్తా" అని వెనకద్వారం గుండా వెళ్లిపోయారు. ఆ ద్వారం గుండా ఆయన వెళ్లగా రైటరమ్మ చూడటం అదే మొదలు.

గేటాయన బూట్లు చూడగానే మీసాలాయన చెయ్యి సలాముకి లేచింది. "రండి సార్, లోపల..." అని కుర్చీ వైపు చూశాడు. కుర్చీలో జిప్పులామె. "లేమ్మా, లే" అన్నాడు.

ఆమె లేవబోయింది. చెయ్యి కుర్చీ చేతి మీద ఆనించింది, కుంటికాలు ముందుకు జరిపింది.

"కూర్చోండి" అంది రైటరమ్మ. గొంతు పెంచలేదు. "ఆవిడ వాంగ్మూలం సగంలో ఉంది. సారుని కాసేపు ఆగమనండి."

"ఎక్కడ ఆగాలి?" అన్నాడు గేటాయన నవ్వుతూ. ఇది సరదాకి అంటున్నారనుకున్నాడు. వరండాలోకి తిరిగి బల్ల దగ్గరికి నడిచాడు.

"అయ్యా, ఆగండాగండి," అన్నాడు రంగులాయన. "పచ్చిగా ఉంది. నిన్నటి పూత మీద ఈగలు వాలి చచ్చాయి, గీకి మళ్లీ వేశాను."

గేటాయన నిలబడ్డాడు. రైటరమ్మ వాంగ్మూలం ముగించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. కావాలని ఆలస్యం చెయ్యలేదు, తొందరా పడలేదు. ఆయన ఆ పన్నెండు నిమిషాల్లో గోడమీద నోటీసులన్నీ చదివాడు, రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, ఒక కాలి మీద బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. తర్వాత ఫోను తీసి ఇన్‌స్పెక్టరుగారికి చేశాడు. అవతల ఏమన్నారో వినపడలేదు. ఇవతలిది అందరికీ వినపడింది.

"చేతుల్లో లేదంటే ఏంటయ్యా? నంబరు పడితే? పడితే ఏమవుతుంది?... నిన్ననే చెప్పాను కదా... ఓహో."

ఆ 'ఓహో' తర్వాత ఫోను జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏమ్మా," అన్నాడు జిప్పులామెతో, "ఇంత చిన్నదానికి స్టేషను దాకా ఎందుకు? నాకు చెబితే సరిపోయేదిగా."

"మీ గేటు దగ్గరికి మూడుసార్లు వచ్చానండి," అంది ఆమె. "లోపల తింటున్నారన్నారు ఒకసారి. రెండుసార్లు పడుకున్నారన్నారు."

ఆమె లేచింది. గేటాయన కూర్చున్నాడు. రైటరమ్మ కొత్త కాగితం సర్దుకుంది.

"చెప్పండి" అంది. ఇందాక ఆమెకి చెప్పినట్టే, అదే గొంతుతో.

కారు బంపరు ఫొటో తీశారు. కోర్టు పిలిస్తే వస్తానని గేటాయన సంతకం పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగాక పావుగంటకి ఇన్‌స్పెక్టరుగారు ముందుద్వారం గుండానే వచ్చారు. చెమటపట్టి ఉన్నారు, కానీ ముఖం ఎలాగో తేటగా ఉంది. చీటీ మీద సంతకం పెట్టి తనే తెచ్చి ఇచ్చారు.

"నంబరు పడిపోయింది సార్, ఇక నా చేతుల్లో లేదు అన్నాను," అన్నారు రైటరమ్మతో. "మొదట కొంచెం గొంతు వణికింది. తర్వాత ఆయన ఏమీ అనలేకపోయాడు తెలుసా? నన్ను తిట్టడానికి కూడా లేదు. నా చేతుల్లో లేదు కదా మరి." ఆ మాట ఇంకోసారి తనలో తను అనుకుంటూ గదిలోకి వెళ్లారు. ఇన్నేళ్ల నౌకరీలో అంత తేలికైన జవాబు ఆయనకి దొరకలేదు.

*

గురువారం మధ్యాహ్నం చీటీ అప్పగించడానికి రైటరమ్మే యార్డుకి వెళ్లింది, జిప్పులామెని వెంటబెట్టుకుని. భర్త బస్సే దొరికింది. ఆయన అద్దంలో ఇద్దరినీ చూసి, స్టాపు కాకపోయినా యార్డు గేటు ముందే ఆపాడు. "ఇది నియమమేనా?" అంది రైటరమ్మ దిగుతూ. "రాసుకో, నీకు పుస్తకముందిగా" అన్నాడు ఆయన.

యార్డులో బళ్లు వరసలుగా ఉన్నాయి. పళ్లబళ్లు, పూలబళ్లు, అద్దాలు పగిలిన తినుబండారాల బళ్లు, చక్రాలు ఆకాశం వైపు పెట్టుకుని బోర్లాపడ్డవి. జిప్పులామె కుంటుతూనే పరుగు తీసింది. నీలం బండి నాలుగో వరసలో ఉంది, ఒక చక్రం వంకర. మిషను దానిమీదే తాళ్లతో కట్టి ఉంది. ఆమె ముందు దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది. మిషను చక్రం మీద అరచెయ్యి పెట్టి మెల్లగా ఒక్క చుట్టు తిప్పి, చెవి ఆనించి వింది. సూది కిందికి దిగింది, పైకి లేచింది. ఆ బుధవారం ఎక్కించిన నల్లదారం ఇంకా సూదిలోనే ఉంది.

"బానే ఉంది," అంది. "బానే ఉందండీ నా తల్లి." కళ్ల నీళ్లు తుడుచుకోలేదు, చేతులు రెండూ మిషను మీదే ఉన్నాయి.

రైటరమ్మ పక్కకి తిరిగితే మిగతా వరసలు కనిపించాయి. "వీటన్నిటి సంగతేంటి?" అని యార్డు కాపలాదారుని అడిగింది.

"రేపు లారీకండి. వాటికి నంబర్లు లేవుగా."

"వాళ్లెవరూ రాలేదా?"

"ఇక్కడికొచ్చారు. పోలీసు నంబరు తెమ్మంటే వెళ్లారు, మళ్లీ రాలేదు. మీ దగ్గరికి వచ్చే ఉంటారు."

వచ్చే ఉంటారు. రైటరమ్మ స్టేషనుకి తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుని చువ్వ కేసి చూసింది. తర్వాత కాగితాలన్నీ ఒకేసారి పైకి లాగింది. ఒక్కోటీ చదివింది. ఎంత చక్కటి రాత. పళ్లబండిని గుద్దిన వాన్, పూలబండిని తన్నిన దుకాణంవాడు, పాలసైకిలుని తొక్కేసిన కారు. బండ్లవి ఐదు తేలాయి. ఐదుగురికీ తనే కబురు పెట్టింది, రేపు పొద్దున్నే రండి, వచ్చి కుర్చీలో కూర్చోండి అని.

రంగులాయన కుంచెలు కడుక్కుంటున్నాడు. "బల్ల ఆరిపోయినట్టేనమ్మా. ఈ రాత్రికి ముట్టుకోవచ్చు."

"ఇంకో పూత వెయ్యరాదూ?"

"రంగు అయిపోయింది. డబ్బా గీకినా రాదు." ఆయన ఆమెని చూశాడు, బల్లని చూశాడు, చువ్వని చూశాడు. నాలుగురోజులుగా గుమ్మంలోనే కూర్చుని ఉన్నవాడికి చాలానే తెలుస్తుంది. "అట్టముక్క మాత్రం ఉంచేసి వెళ్తాన్లే. అది నాకెందుకు."

*

శుక్రవారం పదికల్లా ఐదుగురూ వచ్చారు, ఐదు గులాబీ కాగితాలు వెళ్లాయి. మధ్యాహ్నం పైఅధికారి వచ్చాడు. వరండా చూసి బాగుందన్నాడు, ఎండలో వచ్చిన అలుపుకి బల్ల మీద కూర్చోబోయి, అట్టముక్క చదివి, పాంటు సర్దుకుంటూ చటుక్కున లేచాడు. లోపల పుస్తకం తిరగేస్తూ ఆయన వేలు ఒక చోట ఆగింది.

"ఏంటయ్యా, వారానికి రెండు మూడు ఉండేవి, ఈ వారం పద్దెనిమిది? మీ దగ్గర నేరాలు పెరిగాయా?"

ఇన్‌స్పెక్టరుగారు నిటారుగా నిలబడ్డారు. చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది, మడతల కాగితం ఉన్న జేబు. రైటరమ్మ ఆ చేతినే చూస్తోంది. గుండీ విప్పలేదాయన.

"లేదు సార్," అన్నారు. "రాయడం పెరిగింది."

పైఅధికారి కళ్లజోడు పైనుంచి ఆయన్ని ఒకసారి చూశాడు. ఎర్ర నంబర్ల కింద పద్దెనిమిది సంతకాలు పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అత్తగారికి కథ ముగింపు చెబితే, "అంతేగా, అదేదో సోమవారమే చెప్పలేకపోయావా" అంది.

మళ్లీ సోమవారం వచ్చింది. మీసాలాయన భుజం మీద పట్టీ తిన్నగా నిలబడి ఉంది, ఆదివారమే జిప్పులామె దగ్గర కుట్టించుకున్నాడట, ఆ కుట్టు అందరికీ చూపిస్తున్నాడు. గుమ్మంలోకి ఒక ముసలాయన వచ్చాడు. చెప్పులకి తాడు కట్టి ఉంది. చేతిలో ఏదో కాగితం, పదిసార్లు మడిచి విప్పినది. మీసాలాయన కాళ్లు చూశాడు. గడ్డం బల్ల వైపు తిరిగింది, సగంలో ఆగింది.

"సార్," అన్నాడు, అప్పుడే మెట్లెక్కుతున్న ఇన్‌స్పెక్టరుగారితో. "ఈ బల్లకి రంగేసి వారం రోజులయింది సార్. ఆరిపోయే ఉంటుంది."

రైటరమ్మ కలం ఆగింది. కిటికీలోంచి వరండా కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరుగారు బల్ల దగ్గరికి వెళ్లారు. అట్టముక్క కాస్త వంకరగా ఉంటే తిన్నగా సర్దారు. చూపుడువేలు బల్ల మీద గట్టిగా ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా గీశారు. వేలు ఎత్తి చూసుకున్నారు. దానికి ఏమీ అంటలేదు, రైటరమ్మకి అంత దూరం నుంచి కూడా తెలిసింది.

ఆయన జేబులోంచి రుమాలు తీసి, ఆ వేలిని శ్రద్ధగా తుడుచుకున్నారు.

"ఇంకా పచ్చిగానే ఉందయ్యా," అన్నారు. "పెద్దాయన్ని లోపల కూర్చోబెట్టు."